ఫాల్ట్ లేదంటారు, స్పీడు మాత్రం తగ్గింది: డీఎల్ఎం గురించి తెలిసినవాళ్లు చెప్పండి

వేగుచుక్క

అందరికీ నమస్కారం. మాది టెలిఫోన్ రాగి తీగ మీద నడిచే వీడీఎస్ఎల్2 కనెక్షన్. చాలాకాలంగా రౌటర్ పేజీలో డౌన్‌లోడ్ సింకు (లైను కలిసినప్పుడు కుదిరిన వేగం) 47 ఎంబీపీఎస్ చూపించేది, పింగ్ 12 మిల్లీసెకన్లు. ఈమధ్య ఒక తెల్లవారుజామున లైను దానంతటదే తెగి మళ్లీ కలిసింది. అప్పటినుంచి సింకు 38, పింగ్ 20. ఇంట్లో రౌటర్ అదే, వైరింగ్ అదే.

సపోర్టుకు ఫోన్ చేస్తే లైను పరీక్షించామన్నారు, ఫాల్ట్ ఏమీ లేదన్నారు, డీఎల్ఎం (డైనమిక్ లైన్ మేనేజ్‌మెంట్, లైనును దానంతటదే సర్దే వ్యవస్థ) సర్దుతోంది ఆగండి అన్నారు. ఎన్నాళ్లు ఆగాలో చెప్పలేదు.

ఫాల్ట్ లేనప్పుడు తగ్గించడం దేనికి? దీన్ని ఆపించుకోవచ్చా? రౌటర్ ఆపి వేస్తే పాత స్పీడు తిరిగి వస్తుందా? నేను ఇంటినుంచే సాయంత్రాలు ఆన్‌లైన్ క్లాసులు చెబుతాను. క్లాసు మధ్యలో వీడియో ఆగి ఆగి రావడం అంతకుముందునుంచే ఉంది. ఇప్పుడు స్పీడు కూడా పోయిందని బాధ.

వర్క్_ఫ్రం_హోం

మాకూ ఇలాగే అయింది. నేను రోజూ రాత్రి పడుకునేముందు రౌటర్ ఆపి, పొద్దున్నే వేస్తాను. అలా వేసినరోజు కాస్త ఎక్కువ సింకు దొరుకుతుంది. మీరూ చేసి చూడండి.

అంకెలమనిషి

వేగుచుక్క గారూ, రీబూట్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు అసలు విషయం. ఫాల్ట్ లేదన్న వాళ్ల మాటా నిజం కావచ్చు, స్పీడు తగ్గిందన్న మీ మాటా నిజమే. వాళ్ల పరీక్ష చూసేది తీగ తెగిందా, రెండు తీగలు తగులుకున్నాయా, భూమికి కరెంటు కారుతోందా అని. డీఎల్ఎం చూసేది అది కాదు, ఎర్రర్లు. తీగ చెక్కుచెదరకుండా ఉన్నా దాని మీదికి బయటినుంచి రొద వచ్చి చేరుతుంటే ఎర్రర్లు పడతాయి.

మీ మోడెమ్, వీధి క్యాబినెట్‌లో ఉండే డీశ్లామ్ అనే పెట్టె, రెండూ కలిసి నిరంతరం ఎర్రర్లు లెక్కపెడుతుంటాయి. 15 నిమిషాలకో పద్దు, 24 గంటలకో పద్దు. డీఎల్ఎం అంటే ఆ పద్దులు చదివే సాఫ్ట్‌వేర్, అంతే. మీరు సినిమా చూస్తున్నారా, ఎంత డేటా వాడారు అన్నది దానికి కనపడదు, అక్కర్లేదు కూడా. ఎర్రర్‌కీ ఎర్రర్‌కీ మధ్య సగటున ఎంత సమయం దొరికింది, లైను ఒకసారి తెగినదానికీ మళ్లీ తెగినదానికీ మధ్య ఎంత సమయం దొరికింది, ఈ రెండే దాని ప్రధాన కొలతలు.

కొలతలు బాగాలేకపోతే అది తిప్పగలిగేవి మూడు. టార్గెట్ ఎస్ఎన్ఆర్ మార్జిన్ (సిగ్నల్‌కీ రొదకీ మధ్య అదనంగా వదిలే ఖాళీ) పెంచడం, ఇంటర్‌లీవింగ్ (బైట్లను చెల్లాచెదురు చేసి పంపడం) వేయడం లేదా దాని లోతు పెంచడం, సింకు ఒక హద్దు దాటకుండా కట్టేయడం. మీ విషయంలో మొదటి రెండూ జరిగినట్టున్నాయి. పింగ్ 8 మిల్లీసెకన్లు పెరగడం ఇంటర్‌లీవింగ్ గుర్తు.

రౌటర్‌లో డీఎస్ఎల్ వివరాల పేజీ తెరిచి ఇవి పెట్టండి: డౌన్, అప్ మార్జిన్, అటెన్యుయేషన్ (తీగలో సిగ్నల్ ఎంత తగ్గింది), సీఆర్‌సీ (దిద్దలేని ఎర్రర్లు), ఎఫ్ఈసీ (దిద్దినవి), ఈఎస్ (ఎర్రర్ పడిన సెకన్లు), ఎస్ఈఎస్ (ఎర్రర్లు బాగా ఎక్కువ పడిన సెకన్లు). వాటితోపాటు డీఎస్ఎల్ కలిసి ఎంతసేపైంది అన్నది కూడా. రౌటర్ వేసి ఎంతసేపైంది అన్నది వేరే అంకె, అది కాదు.

వేగుచుక్క

ధన్యవాదాలు. నిన్నటి 24 గంటల పద్దు ఇది.

డౌన్ సింకు 38.2 ఎంబీపీఎస్, అప్ 9.6
డౌన్ మార్జిన్ 9.1 డీబీ, అప్ 6.3
డౌన్ అటెన్యుయేషన్ 21.4 డీబీ
ఎఫ్ఈసీ లక్షల్లో ఉంది
సీఆర్‌సీ 1,840
ఈఎస్ 612, ఎస్ఈఎస్ 41
ఇంటర్‌లీవ్ ఆన్, జీ.ఐఎన్‌పీ అన్నచోట ఆఫ్ అని ఉంది

15 నిమిషాల పద్దుల్ని వరసగా చూశాను. పగలంతా ఈఎస్ దాదాపు సున్నా. సాయంత్రం 6:30 దాటాక ఒక్కసారిగా మొదలై రాత్రి 11కి ఆగిపోతోంది. దీని అర్థం ఏమిటో తెలియదు గానీ చూడగానే ఆశ్చర్యమేసింది.

అంకెలమనిషి

చాలా మంచి పని చేశారు. ఆ చివరి మూడు వాక్యాలే మీ లైను కథ మొత్తం చెబుతున్నాయి. వరసగా చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

మార్జిన్ సంగతి. డీఎస్ఎల్ మీ తీగ మీద ఉన్న ఫ్రీక్వెన్సీని 4.3125 కిలోహెర్ట్జ్ వెడల్పున్న సన్నటి టోన్లుగా కోస్తుంది. పాత రకమైన ఏడీఎస్ఎల్2+లో 512 టోన్లు, వీడీఎస్ఎల్2 17ఏ ప్రొఫైల్‌లో 4096. కలిసేటప్పుడు ఒక్కో టోన్ మీద రొద ఎంత ఉందో కొలిచి, దాన్నిబట్టి దాని మీద ఎన్ని బిట్లు ఎక్కించాలో నిర్ణయిస్తుంది, గరిష్ఠం 15. రొద ఇప్పుడున్నదానికంటే 6 డీబీ పెరిగినా తట్టుకునేలా కొంత ఖాళీ వదిలిపెడుతుంది. ఆ ఖాళీయే టార్గెట్ మార్జిన్. ఆ ఖాళీ పూర్తిగా కరిగిపోయే చోట కోటి బిట్లకు ఒకటి తప్పుతుందని ప్రమాణాల లెక్క.

ఒక టోన్ మీద ఒక బిట్ ఎక్కువ మోయాలంటే దాదాపు 3 డీబీ కావాలి. టోన్లు సెకనుకు 4,000 సార్లు డేటా మోస్తాయి. మీ దూరానికి పనికొస్తున్న డౌన్‌లోడ్ టోన్లు 1,500 అనుకోండి. మార్జిన్ 6 నుంచి 9కి పెంచితే ఒక్కో టోన్ ఒక బిట్ వదులుకుంటుంది: 1,500 × 4,000 అంటే సెకనుకు 60 లక్షల బిట్లు, 6 ఎంబీపీఎస్. మిగతా 3 ఎంబీపీఎస్ ఎర్రర్ దిద్దుబాటు బైట్లకు పోయి ఉంటుంది. మొత్తం 9. మీరు పోగొట్టుకున్నదీ దాదాపు అంతే. ఎవరో కావాలని స్పీడు కట్ చేసిన అంకె కాదిది, రెండు మీటలు తిప్పితే వచ్చిన అంకె.

ఇంటర్‌లీవింగ్ సంగతి. రొద దెబ్బ పడితే పక్కపక్కన ఉన్న బైట్లు గుత్తగా చెడిపోతాయి. ఎర్రర్లు దిద్దే రీడ్-సాలమన్ కోడ్ ఒక్కో ముక్కలో కొన్ని బైట్లే దిద్దగలదు, గుత్తగా పోతే చేతులెత్తేస్తుంది. అందుకని పంపేముందే బైట్లను చెల్లాచెదురు చేసి పంపుతారు. ఒకే వాక్యంలో అయిదక్షరాలు చెరిగిపోతే మనం పోల్చుకోలేం, అయిదు వాక్యాల్లో ఒక్కో అక్షరం చెరిగితే చదివేస్తాం కదా, అదే ఉపాయం. కాకపోతే అన్నీ చేరేదాకా అవతలివాడు ఆగాలి. మీ 8 మిల్లీసెకన్లు అక్కడికి పోయాయి.

మీ ఎఫ్ఈసీ లక్షల్లో ఉండటం చూసి భయపడొద్దు. అవి దిద్దుబాటు అయినవి, మీ డేటాకు నష్టం లేదు. దిద్దలేక వదిలేసినవి సీఆర్‌సీ. 86,400 సెకన్లను 1,840తో భాగిస్తే సగటున 47 సెకన్లకో ఎర్రర్. కానీ మీకవి రోజంతా పరుచుకోలేదు. ఆ నాలుగున్నర గంటల్లోనే 612 ఎర్రర్ సెకన్లు అంటే దాదాపు 26 సెకన్లకొకటి. ఎస్ఈఎస్ అంటే ఒక్క సెకనులోనే 18 లేదా అంతకుమించి సీఆర్‌సీలు పడ్డాయని, అలాంటి సెకన్లు 41. క్లాసులో బొమ్మ నిలిచిపోయేది ఆ సెకన్లలోనే.

ఇంకో మాట. మీరే రాశారు, వీడియో ఆగడం ముందునుంచే ఉందని. కాబట్టి రోగం ముందునుంచే ఉంది, డీఎల్ఎం ఆలస్యంగా గమనించింది. దాని కుదింపు పూర్తిగా ఫలించలేదు కూడా, ఇంకా ఎర్రర్లు ఉన్నాయి. ఇలాగే వదిలేస్తే ఇంకోమెట్టు, 12 డీబీకి తీసుకెళ్తుంది.

పింగ్‌ప్రాణం

> ఎవరో కావాలని స్పీడు కట్ చేసిన అంకె కాదిది

అంకెలమనిషి గారూ, లెక్కతో నాకు పేచీ లేదు. కానీ నిర్ణయం ఎవరిది? నేను ఆన్‌లైన్ గేములు ఆడేవాణ్ని. నాకు నిమిషానికో ప్యాకెట్ పోయినా ఫరవాలేదు, 8 మిల్లీసెకన్లు పెరిగితే మాత్రం ఆటే మారిపోతుంది. వేగుచుక్క గారికి వీడియో ఆగకూడదు, పింగ్ 20 అయినా పట్టదు. ఇద్దరికీ ఒకే మందు వేస్తున్నారు. నన్ను అడగకుండా నా లైనుకు ఇంటర్‌లీవింగ్ వేయడం అన్యాయం అనే అంటాను. కొన్ని నెట్‌వర్కుల్లో వేగం, మధ్యస్థం, స్థిరత్వం అని మూడు విధానాలు ఉంటాయి, ఇంటర్నెట్ కంపెనీని అడిగితే మారుస్తారు. ఆ సంగతి మాత్రం ఎవరూ ముందుగా చెప్పరు.

అంకెలమనిషి

పింగ్‌ప్రాణం, ఆ మాటలో న్యాయం ఉంది. ఎంపిక వాడేవాళ్ల చేతిలో ఉండాలనే నేనూ అంటాను. పైగా ఇప్పుడు ఆ రెంటిలో ఒకటే ఎంచుకోవాల్సిన అవసరం కూడా తగ్గింది. 2010లో వచ్చిన జీ.998.4 ప్రమాణం, మనం జీ.ఐఎన్‌పీ అనేది, చెడిన ముక్కను మాత్రమే మళ్లీ అడిగి తెప్పించుకుంటుంది. చెడనివాటికి ఆగుడు లేదు. ఎర్రర్ పడినప్పుడే కొన్ని మిల్లీసెకన్లు. అయితే రెండు కొసల్లోనూ దానికి సపోర్టు ఉండాలి. వేగుచుక్క గారి పేజీలో ఆఫ్ అని ఉంది. మోడెమ్ పాతదై ఉంటే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉందేమో చూసుకోండి, అప్పటికీ రాకపోతే జీ.ఐఎన్‌పీ ఉన్న మోడెమ్ పెట్టడం ఆలోచించదగ్గదే.

ఒక్క విషయంలో మాత్రం మీతో విభేదిస్తాను. ఎర్రర్లను అలా వదిలేసి పైకి పెద్ద సింకు చూపించుకోవడం వల్ల లాభం లేదు. డేటాను చేరవేసే టీసీపీ పద్ధతి ఒక ప్యాకెట్ పోగానే దారి రద్దీగా ఉందనుకుని తన జోరు తగ్గించుకుంటుంది. టీసీపీలో పాత రెనో పద్ధతికి ఉన్న సూత్రం ప్రకారం 50 మిల్లీసెకన్ల దూరంలో ఉన్న సర్వర్‌నుంచి వెయ్యికో ప్యాకెట్ పోతుంటే ఒక కనెక్షన్‌కి దొరికేది దాదాపు 9 ఎంబీపీఎస్. వందకొకటి పోతే 3 కూడా దాటదు. సింకు 47 ఉన్నా సరే. కొత్త పద్ధతులు క్యూబిక్, బీబీఆర్ ఇంతకంటే బాగా తట్టుకుంటాయి గానీ, ఎర్రర్ల లైను మీద 47 కంటే శుభ్రమైన లైను మీద 38 మేలయ్యే రోజులు చాలానే ఉంటాయి.

రాగితీగ

కొంచెం ఆలస్యంగా చూశాను. చాలాకాలం లైన్ల మీద పనిచేసినవాణ్ని కాబట్టి అంకెలు పక్కనపెట్టి చేతికి తగిలే సంగతులు చెబుతాను.

సాయంత్రం ఠక్కున మొదలై రాత్రి ఠక్కున ఆగే ఎర్రర్లు అంటే నేను ముందు అనుమానించేది ఇంట్లోనో పక్కింట్లోనో ఆ వేళకి వేసే కరెంటు వస్తువుని. ఇందులో రెండు రకాలు. ఒకటి రెయిన్ అంటాం, కరెంటు సైకిల్‌తో లంకె ఉన్న రొద, సెకనుకు 100 లేదా 120 సార్లు టకటకా కొడుతుంది. చవకరకం ఎల్ఈడీ దీపాల డ్రైవర్లు, డిమ్మర్లు, పాడవబోతున్న పవర్ అడాప్టర్లు దీనికి పెట్టింది పేరు. ఎఫ్ఈసీ లక్షల్లో పెరిగేది దీనివల్లే. రెండోది షైన్, ఏదైనా వస్తువు వేసినప్పుడో ఆపినప్పుడో వచ్చే ఒక్క పెద్ద దెబ్బ. మీ ఎస్ఈఎస్‌లు మోటారు, ఫ్రిజ్ కంప్రెసర్ లాంటివి ఆన్ ఆఫ్ అయ్యేటప్పుడు పడుతుండొచ్చు.

పట్టుకోవడం ఎలాగంటే, బ్యాటరీతో నడిచే మీడియం వేవ్ రేడియో ఒకటి సంపాదించండి. స్టేషన్ ఏదీ రాని ఖాళీ చోట పెట్టి సౌండ్ పెంచండి. రొద మొదలయ్యే వేళకి ఇల్లంతా తిరగండి. ఫలానా వస్తువు దగ్గరికి వెళ్లేకొద్దీ బుర్రుమని శబ్దం పెరుగుతుంది. రేడియోను అటూ ఇటూ తిప్పితే శబ్దం ఒక దిక్కున బాగా తగ్గుతుంది. లోపలి యాంటెన్నా కడ్డీ కొస రొద వచ్చే వైపు ఉన్నప్పుడు అలా జరుగుతుంది, దాంతో దిక్కు తెలుస్తుంది. రేడియో దొరక్కపోతే ఒక్కో వస్తువే ప్లగ్ పీకి 15 నిమిషాల పద్దు చూడండి. ఆపితే చాలదు, ప్లగ్ పీకాలి. అడాప్టర్లు ఆపిన వస్తువుకి కూడా పనిచేస్తూనే ఉంటాయి.

దానికంటే ముందు చేయాల్సింది ఇంకోటుంది. మోడెమ్‌ను లైను ఇంట్లోకి వచ్చే మొదటి సాకెట్‌కి నేరుగా పెట్టండి, మిగతా గదులకి వెళ్లే ఫోన్ వైర్లన్నీ ఊడదీసి. ఎక్కడా కలవని పొడుగాటి వైరు గోడలో వేలాడుతుంటే అది రెండు రకాల హాని చేస్తుంది. రొదను యాంటెన్నాలా పట్టుకుంటుంది. పైగా సిగ్నల్ ఆ కొసదాకా వెళ్లి తిరిగొచ్చి అసలు సిగ్నల్‌తో ఢీకొని కొన్ని టోన్లను తినేస్తుంది, దీన్నే బ్రిడ్జ్ ట్యాప్ అంటాం. ఎక్కడ ల్యాండ్‌లైన్ ఫోన్ ఉన్నా ఫోన్ సిగ్నల్‌నీ డీఎస్ఎల్‌నీ వేరుచేసే ఫిల్టర్ ఉండాలి. ఫోన్ మోగినప్పుడు, ఎత్తినప్పుడు సింకు పోతోందంటే మాత్రం ఫిల్టరో, తుప్పు పట్టిన జాయింటో అని అర్థం. జాయింట్‌లో తడి చేరితే ఫోన్‌లో గరగర కూడా వినపడుతుంది. అది వాళ్లు వచ్చి బాగుచేయాల్సిన పని, మీరు ఇంట్లో ఎన్ని చేసినా ఉపయోగం లేదు.

మేడమీదగది

రాగితీగ గారూ, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాది ఏడీఎస్ఎల్2+, ఎక్స్ఛేంజికి చాలా దూరం, అటెన్యుయేషన్ 48 డీబీ. పగలు 6 ఎంబీపీఎస్ బాగానే ఉంటుంది. పొద్దుగూకాక మార్జిన్ 6 నుంచి మెల్లగా దిగి 2కి వస్తుంది, ఆపైన తెగిపోతుంది. ఠక్కున కాదు, మెల్లగా. రేడియో పెట్టి వెతికితే ఇంట్లో ఏమీ దొరకలేదు. ఇది కూడా రెయినేనా?

రాగితీగ

కాదు తమ్ముడూ. మెల్లగా దిగుతోందన్నావు చూడు, అదే గుర్తు. ఏడీఎస్ఎల్2+ 2.2 మెగాహెర్ట్జ్ దాకా వాడుతుంది, మీడియం వేవ్ రేడియో స్టేషన్లన్నీ అందులోనే ఉన్నాయి. పగలు వాతావరణం పైపొర ఆ తరంగాల్ని మింగేస్తుంది. సూర్యుడు దిగాక ఆ పొర పలచబడి, ఎక్కడో దూరాన ఉన్న స్టేషన్లు కూడా పైనుంచి తిరిగి వచ్చి నీ తీగ మీద వాలతాయి. పొడుగాటి లైను, బలహీనమైన సిగ్నల్, అందుకే నీకు అంత దెబ్బ. టోన్ల వారీ ఎస్ఎన్ఆర్ గ్రాఫ్ రౌటర్‌లో ఉంటే రాత్రిపూట చూడు, అక్కడక్కడ సన్నటి గుంటలు కనపడతాయి. రెయిన్ అయితే వెడల్పుగా మొత్తం కిందికి దిగుతుంది.

అంకెలమనిషి

దీనికి నేనొకటి కలుపుతాను, మేడమీదగది గారికి ఇదే ముఖ్యం. మామూలు డీఎస్ఎల్ సింకు అయిన క్షణంలో ఉన్న రొదను బట్టి వేగం నిర్ణయించుకుని, మళ్లీ తెగేదాకా అదే వేగంతో ఉంటుంది. బిట్ స్వాప్ అనేది బిట్లను ఒక టోన్ మీదనుంచి ఇంకో టోన్ మీదికి మారుస్తుందే గానీ మొత్తం వేగాన్ని మార్చదు. నడుస్తుండగానే వేగం మార్చే ఎస్ఆర్ఏ ఉంది గానీ చాలాచోట్ల వేయరు. కాబట్టి మిట్టమధ్యాహ్నం సింకు అయిన లైను పగటి రొదకి సరిపోయే వేగం పట్టుకుంటుంది, రాత్రి దాన్ని మోయలేదు.

మీ లైనుకు డీఎల్ఎం 9 డీబీ ఇస్తే తీసుకోండి. ఏడీఎస్ఎల్2+లో 3 డీబీ అంటే టోన్లన్నీ పనిచేసే దగ్గరి లైనుకే 1.9 ఎంబీపీఎస్ నష్టం. మీకు పనిచేసే టోన్లు తక్కువ కాబట్టి నష్టం 1 ఎంబీపీఎస్ చుట్టుపక్కలే. రాత్రి తెగకుండా ఉండే 5, తెగే 6 కన్నా వెయ్యిరెట్లు నయం.

వర్క్_ఫ్రం_హోం గారూ, పొద్దున వేస్తే ఎక్కువ సింకు వస్తోందన్నారు కదా, కారణం ఇదే. రొద తక్కువున్న వేళ పట్టుకుంటోంది. కానీ ఆ ఎక్కువే సాయంత్రానికి ఎర్రర్లవుతుంది, అది డీఎల్ఎం పద్దులోకి వెళ్తుంది.

వర్క్_ఫ్రం_హోం

అంటే రీబూట్ చేయడమే తప్పంటారా? కరెంటు పోయినా రౌటర్ ఆగుతుంది కదా, దాన్నీ లెక్కేస్తే అన్యాయమే కదా.

అంకెలమనిషి

అప్పుడప్పుడు ఒకసారి ఆపితే ఏమీ కాదు. కరెంటు పోయేముందు మోడెమ్ ఆఖరి క్షణంలో "నాకు పవర్ పోతోంది" అని ఒక కబురు పంపుతుంది, డైయింగ్ గ్యాస్ప్ అంటారు. దాన్నిబట్టి అవతలి పెట్టెకి ఇది లైను లోపం కాదని తెలుస్తుంది. ఉరుముల వానలో ఒక ప్రాంతమంతా ఒకేసారి తెగినా సరిగ్గా రాసిన డీఎల్ఎం దాన్ని పక్కనపెడుతుంది. గంటలోపు పదేపదే ఆపి వేయడం, డీఎస్ఎల్ వైరు పీకి పెట్టడం, అవి ప్రమాదం. వైరు పీకితే సిగ్నల్ పోయిందనే పడుతుంది, పవర్ పోయిందని కాదు. మోడెమ్ మార్చాల్సి వస్తే ముందు పవర్ ఆపండి, వైరు తర్వాత తీయండి, అరగంట ఆగి పెట్టండి.

రౌటర్‌లో దాగి ఉన్న ఆజ్ఞలతో టార్గెట్ మార్జిన్ 3కి తగ్గించుకోవచ్చని కూడా చాలామంది చెబుతారు. కొన్ని చిప్‌సెట్లలో కుదురుతుంది. కారణం పోకుండా అలా చేస్తే ఎర్రర్లు పెరిగి డీఎల్ఎం ఇంకా గట్టిగా బిగిస్తుంది, దయచేసి చేయకండి.

వేగుచుక్క

అప్‌డేట్. రాగితీగ గారు చెప్పినట్టే మొదటి సాకెట్‌కి పెట్టి, మేడ మీది గదికి వెళ్లే పాత ఫోన్ వైరు ఊడదీశాను. ఎఫ్ఈసీ బాగా తగ్గింది గానీ సాయంత్రం ఎర్రర్లు ఇంకా ఉన్నాయి. తర్వాత రేడియో పట్టుకుని తిరిగాను. క్లాసుకి వేసుకునే టేబుల్ లైటు దగ్గర చెవులు చిల్లులు పడే రొద. దాని అడాప్టర్ రౌటర్ ఉన్న ప్లగ్ బోర్డులోనే ఉంది. అది తీసి వేరే లైటు పెట్టాను. నిన్న సాయంత్రమంతా ఈఎస్ 4, ఎస్ఈఎస్ సున్నా. క్లాసులో వీడియో ఒక్కసారీ ఆగలేదు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

కానీ సింకు మాత్రం ఇంకా 38లోనే ఉంది. మార్జిన్ చూస్తే 10కి పెరిగింది. ఇప్పుడేం చేయాలి?

రాగితీగ

శభాష్. ఇక ఏమీ చేయకండి, ముట్టుకోకండి. మార్జిన్ 10 అంటే రొద తగ్గింది, ఖాళీ పెరిగిందని. వేగం పెరగాలంటే మళ్లీ సింకు కావాలి, టార్గెట్ కూడా కిందికి రావాలి. ఆ టార్గెట్ డీఎల్ఎం దించాలి.

పింగ్‌ప్రాణం

ఇక్కడే నాకు మండుతుంది. పైకి బిగించడానికి ఒక్క చెడ్డరోజు చాలు. వదలడానికి వారాలు. దోషం పోయిందని అంకెలు చెబుతుంటే ఎందుకు ఆగాలి?

అంకెలమనిషి

ఈ ఫిర్యాదు పూర్తిగా సమంజసం. వదలడంలో నిదానం ఉండాల్సిన కారణం ఒకటుంది: తొందరగా వదిలితే రొద తిరిగొచ్చి మళ్లీ బిగించాలి, లైను ఊగిసలాడుతుంది, ప్రతి ఊగిసలాటకీ ఒకసారి తెగుతుంది. కానీ చాలా వ్యవస్థల్లో ఆ నిదానం అవసరానికి మించి ఉంది. ఒక పిడుగు రాత్రి, ఒక లైన్‌మన్ జాయింట్ కదిపిన మధ్యాహ్నం, అలాంటి ఒక్కసారి సంఘటనకి నెలరోజులు స్పీడు పోగొట్టుకున్న లైన్లు ఉన్నాయి. అంతకంటే అన్యాయం ఏమిటంటే, ఏం చేశారో, ఎందుకు చేశారో వాడేవాళ్లకి ఒక్క ముక్క చెప్పకపోవడం. "సాయంత్రం 6:30 నుంచి 11 మధ్య ఎర్రర్లు ఎక్కువగా ఉన్నాయి, మార్జిన్ 9కి పెంచాం" అని ఒక సందేశం పంపితే వేగుచుక్క గారు మొదటిరోజే ఆ లైటు పట్టుకునేవారు. ఆ సమాచారం వాళ్ల దగ్గర ఉంది. పద్దుల్లో గంటల వారీగా ఉంది. సపోర్టులో ఫోన్ ఎత్తేవాళ్లకి ఆ తెర చూపించరు, వాళ్లూ "ఆగండి" అనడం తప్ప చేయగలిగింది లేదు.

వేగుచుక్క గారూ, కొన్ని వారాలు పద్దులు శుభ్రంగా ఉండి కూడా కదలకపోతే అప్పుడు సపోర్టుకి ఫోన్ చేసి డీఎల్ఎం రీసెట్ చేయమని అడగండి. కారణం దొరికింది, తీసేశాం, ఈఎస్ ఇంత నుంచి ఇంతకి వచ్చిందని అంకెలతో చెప్పండి. కొన్నిచోట్ల టెక్నీషియన్ వస్తేనే రీసెట్ చేస్తారు. కారణం పోకుండా రీసెట్ చేయించుకున్నవాళ్లు మళ్లీ అదే చోటికి వస్తారు.

కొత్తగూడు

చదువుతున్నంతసేపూ ఒక సందేహం. మాది ఫైబర్, గోడ దాకా గాజు తీగే. మాకూ సాయంత్రం స్పీడు తగ్గుతుంది. మాకూ డీఎల్ఎం ఉందా?

అంకెలమనిషి

లేదండి. జీపాన్ ఫైబర్‌లో కిందికి 2.488 జీబీపీఎస్, పైకి 1.244, లైను వేగం స్థిరం, రొదను బట్టి మారదు. వెలుతురు సరిపోతే నడుస్తుంది, సరిపోకపోతే ఎర్రర్లొచ్చి ఆగుతుంది. ఓఎన్‌టీ (ఇంట్లో ఫైబర్ వచ్చి చేరే పెట్టె) పేజీలో రిసీవ్ పవర్ చూడండి, సాధారణ బీ+ పరికరానికి మైనస్ 27 డీబీఎం దిగువన ఉంటే కనెక్టర్ మురికో, తీగ మడతో. అది బాగుండి సాయంత్రం మాత్రమే తగ్గితే రద్దీ, లేదా మీ వైఫై. ముందు ల్యాన్ వైరుతో కొలవండి. కేబుల్ ఇంటర్నెట్‌లో మాత్రం డాక్సిస్ 3.1 అనే ప్రమాణంలో రొదను బట్టి మాడ్యులేషన్ ప్రొఫైల్ మార్చే పద్ధతి ఉంది, దీనికి దగ్గరి చుట్టం అనొచ్చు.

మేడమీదగది

మాకు 9 డీబీ వచ్చింది. 5.1 దగ్గర కూర్చుంది, రాత్రి మార్జిన్ 4కి దిగినా తెగలేదు. గ్రాఫ్‌లో గుంటలు కూడా రాగితీగ గారు చెప్పినట్టే కనపడ్డాయి. ఇద్దరికీ కృతజ్ఞతలు.

వేగుచుక్క

మా లైను సంగతి కూడా రాస్తాను. రీసెట్ అడగాల్సిన అవసరం పడలేదు. ముందు ఒక తెల్లవారుజామున ఇంటర్‌లీవింగ్ పోయింది, పింగ్ మళ్లీ 12. కొంతకాలానికి టార్గెట్ 6కి దిగింది. సింకు 44.6. అంతకుముందు 47 ఉండేది కదా, ఆ రెండున్నర ఎందుకు రాలేదు? ఇంకా డీఎల్ఎం పట్టుకుని ఉందా?

రాగితీగ

మార్జిన్ 6 దగ్గరే ఉందంటే డీఎల్ఎం పట్టుకోలేదు. పట్టుకుని హద్దు పెట్టి ఉంటే సింకు ఒకచోట ఆగిపోయి, మిగిలిపోయిన ఖాళీ మార్జిన్‌లో 8, 9గా కనపడేది. ఇది క్రాస్‌టాక్ కావచ్చు. మీ కేబుల్‌లోనే పక్క జతల మీద కొత్త కనెక్షన్లు వచ్చి ఉంటాయి, వాటి సిగ్నల్ మీ జత మీదికి కారుతుంది. జీ.993.5 వెక్టరింగ్ ఉన్న క్యాబినెట్లలో దాన్ని లెక్కగట్టి కొట్టేస్తారు. మీ రౌటర్ పేజీలో వెక్టరింగ్ అన్న వరస ఉందేమో చూడండి. ఆఫ్ అని ఉంటే మీ క్యాబినెట్‌లో ఆ సదుపాయం ఉందా అని సపోర్టుని అడగండి. ఉంటే, దానికి మీ మోడెమ్ పనికొస్తుందా అన్నది తర్వాతి ప్రశ్న. జీ.ఐఎన్‌పీ కోసం ఎలాగూ మోడెమ్ మార్చాలనుకుంటే రెండూ ఉన్నదే చూసుకోండి.

వేగుచుక్క

వెక్టరింగ్ ఆఫ్ అనే ఉంది. సోమవారం అడిగి, వాళ్లు చెప్పింది ఇక్కడే రాస్తాను.